పక్క నుంచి మధ్యకు

హైదరాబాదులో హైదర్‌గూడ నుంచి నారాయణగూడ చౌరస్తా దాటుకుని చిక్కడపల్లి దాకా నడిస్తే త్యాగరాయ గానసభ వస్తుంది. సాయంత్రం ఆరు దాటాక అక్కడ ఏదో ఒక కార్యక్రమం ఉంటూనే ఉంటుంది. సంగీత కచేరీ ఉన్నరోజు వేదిక ఎలా ఉంటుందో మీకు తెలుసు. మధ్యలో గాయకుడు, ఒక పక్కన ఫిడేలు, ఇంకో పక్కన మృదంగం. గాయకుడు పావుగంట ఆలాపన చేస్తాడు. ఆ తరవాత ఫిడేలుకి ఓ నాలుగు నిమిషాలు ఇస్తారు. అది పూర్తయ్యాక హాల్లో చప్పట్లు పడతాయి గానీ గాయకుడికి పడ్డంత గట్టిగా పడవు. మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం మొదలవగానే సగంమంది కాఫీకి లేస్తారు. ఇది మన సభామర్యాదలో ఎవరూ తప్పుపట్టని భాగమైపోయింది.

ఇవాళ నేను మాట్లాడబోయేది కచేరీ వేదిక మీద ఒంటరిగా కూర్చునే వాద్య కళాకారుడి జీవితం గురించి. ఈ మాట ఎత్తగానే లోకమంతా ముందు చెప్పేది పియానో వాయించేవాళ్ళ గురించే. మనకి పియానో ఎక్కువగా నలుపు తెలుపు సినిమాల్లో పరిచయం. సూటు వేసుకున్న హీరో, మేడ మెట్ల పక్కన నల్లటి పెద్ద పియానో, ఎదురుగా పుట్టినరోజు పార్టీకి వచ్చిన అతిథులు, వాళ్ళలో కళ్ళు తుడుచుకునే హీరోయిన్. అక్కడ కూడా ఒక సంగతి గమనించండి. హీరో పియానో వాయిస్తూ ఊరుకోడు, పాడతాడు. పాట లేకుండా ఉత్త పియానోని మూడు నిమిషాలు విననిస్తే ప్రేక్షకుడు ఏమంటాడోనని దర్శకుడికి భయం. ఆ భయం అర్థం లేనిది కాదు. మనకి సంగీతం అంటే సాహిత్యం. త్యాగయ్య ఏమన్నాడో చెవిన పడాలి. మాట లేని సంగీతం ముందు మనం కాస్త ఇబ్బందిగా కూర్చుంటాం.

పియానో కూడా పుట్టగానే సింహాసనం ఎక్కలేదు. ఇటలీలోని ఫ్లోరెన్సులో బార్తలోమియో క్రిస్తోఫోరి అనే వాద్యాల తయారీదారు 1700 ప్రాంతంలో దాన్ని చేశాడు. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి ఎగిరి తీగను కొట్టి వెనక్కి వస్తుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. అంతకుముందున్న చాలా మెట్ల వాద్యాల్లో ఈ సౌలభ్యం లేదు. ఆ తరవాత కూడా నూరేళ్ళకు పైగా ఐరోపాలో కచేరీ అంటే కలగూరగంపే. ఒకరు పాడేవారు, ఒకరు ఫిడేలు వాయించేవారు, మధ్యలో ఆర్కెస్ట్రా ముక్క ఒకటి, ఆ వరసలో పియానోకి ఓ పది నిమిషాలు.

దీన్ని మార్చినవాడు హంగేరీవాడైన ఫ్రాంజ్ లిస్ట్. 1839లో రోములో తోడెవరూ లేకుండా కచేరీ అంతా తానొక్కడే వాయించాడు. మరుసటి ఏడు లండన్‌లోనూ అదే పని చేశాడు. పియానోని వేదిక మీద అడ్డంగా తిప్పి పెట్టించాడు. దాంతో పైమూత తెరుచుకునే వైపు జనం మీదికి వచ్చి నాదం నేరుగా హాల్లోకి వెళ్ళింది. వాయించేవాడి ముఖమూ చేతులూ పక్కనుంచి కనిపించాయి. ఆయన ముఖం అందమైనదని ఆయనకీ తెలుసు లెండి. ఇవాళ ప్రపంచంలో ఏ హాల్లో చూసినా పియానో అలాగే ఉంటుంది. ఎనిమిదేళ్ళలో వెయ్యి కచేరీలు చేశాడంటారు. రైళ్ళు ఇంకా అంతంతమాత్రంగా ఉన్న కాలం, ఎక్కువ భాగం గుర్రపు బళ్ళ మీదే తిరిగాడు. 1847లో, ముప్ఫై అయిదేళ్ళ వయసులో, డబ్బుకి కచేరీలు చెయ్యడం మానేశాడు. ఆ తరవాత దాదాపు నలభై ఏళ్ళు బతికాడు, శిష్యుల దగ్గర ఫీజు పుచ్చుకోకుండా పాఠాలు చెప్పాడు.

ఆయన మానేయగలిగాడు. పియానిస్టు క్లారా షూమన్‌కి ఆ వెసులుబాటు లేదు. ఆమె తొమ్మిదో ఏట, 1828లో, లైప్‌జిగ్‌లో వేదిక ఎక్కింది. భర్త రాబర్ట్ షూమన్ మతి చలించి ఆసుపత్రి పాలై 1856లో పోయాడు. ఏడుగురు పిల్లల్ని పోషించవలసిన బాధ్యత ఆమె పది వేళ్ళ మీద పడింది. ఊరూరా తిరిగి కచేరీలు చేసింది. చేతులు నొప్పులు పుట్టినా 1891 దాకా వేదిక వదల్లేదు. కచేరీ జీవితం అనగానే మనకి పూలదండలూ శాలువాలూ గుర్తొస్తాయి గానీ, క్లారాని తలుచుకుంటే అది ఒక ఇంటి జమాఖర్చు కూడా అని తెలుస్తుంది.

ఇక మన సంగతికి వస్తాను. పాశ్చాత్య వాద్యాలు మనదేశంలోకి ఓడలెక్కి వచ్చాయి. పియానో వచ్చింది, ఫిడేలు వచ్చింది. ఒకటి దొరల ఇళ్ళలోనూ జమీందారుల మేడల్లోనూ ఆగిపోయింది. రెండోది కచేరీ వేదిక ఎక్కి, త్యాగయ్య కీర్తనకి తోడు పలికి, మన ఇంటి వస్తువై కూర్చుంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపా వాద్యకారుల దగ్గర దాన్ని నేర్చి కర్ణాటక సంగీతానికి తెచ్చాడని చరిత్ర. పియానోకి ఆ భాగ్యం ఎందుకు పట్టలేదు?

ధర, బరువు, మన తేమగాలికి శ్రుతి నిలవకపోవడం, ఇవన్నీ కారణాలే. పియానో లోపల రెండు వందలకు పైగా తీగలుంటాయి, వాటి బిగువుని తట్టుకోవడానికి పోత ఇనుప చట్రం ఉంటుంది. ఎద్దుబండి మీద ఊరూరా తిప్పే వస్తువు కాదు. అయితే అసలు అడ్డంకి గమకం, అంటే స్వరాన్ని ఊపడం. తోడి రాగంలో గాంధారం తీసుకోండి. ఆ స్వరం ఒకచోట నిలబడదు, పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది, ఊగితేనే అది తోడి. పియానోలో ఒక మెట్టు నొక్కితే సుత్తి ఒక దెబ్బ కొడుతుంది, నాదం పుట్టి క్రమంగా సన్నబడి పోతుంది. మధ్యలో దాన్ని పట్టుకుని ఊపడానికి మన చేతిలో ఏమీ ఉండదు. పక్క పక్క మెట్లు గబగబా నొక్కి ఊపు తెద్దామంటే రెండు స్వరాల మధ్య సందు దొరకదు.

ఫిడేలు సంగతి చూడండి. ఐరోపావాడు నిలబడి దాన్ని గడ్డానికీ భుజానికీ మధ్య ఇరికించుకుంటాడు. మనవాళ్ళు నేలమీద కూర్చున్నారు. ఫిడేలు తలని కుడికాలి మడమ దగ్గర ఆనించి, రెండో కొసని ఎదకి ఆనించారు. ఈ ఏర్పాటుతో ఫిడేలుని మొయ్యడం ఎడమచేతి పని కాకుండా పోయింది. చెయ్యి ఖాళీ అయింది. ఖాళీ అయిన చెయ్యి తీగమీద ఈ చివరనుంచి ఆ చివరకి జారగలదు, ఊగగలదు, ఆగగలదు. శ్రుతీ మార్చేశారు, నాలుగు తీగల్నీ షడ్జమ పంచమాలకి బిగించారు. మెట్లు లేవు కనుక గొంతు ఎక్కడికి పోతే వేలు అక్కడికి పోతుంది. గాయకుడికి ఇంతకంటే మంచి నీడ ఏముంటుంది? దాంతో ఫిడేలుకి మన సభలో శాశ్వతంగా చోటు దొరికింది. దొరికిన చోటు మాత్రం పక్కన.

మన దగ్గర ఆ ఫిడేలుని పక్కనుంచి లేపి మధ్యలో కూర్చోబెట్టినవాళ్ళలో ముందు వరసలో ఉన్నవారు ద్వారం వెంకటస్వామినాయుడు గారు. లిస్ట్ పియానోకి చేసిన పనే ఈయన ఫిడేలుకి చేశారని నేనంటాను. ఇద్దరికీ స్వభావంలో మాత్రం పోలికే లేదు. ఆయన అందరి కళ్ళూ తనమీద ఉండాలనుకున్న మనిషి. ఈయన ఎవరి కంటా పడకుండా వాయించి వెళ్ళిపోదామనుకునే మనిషి.

నాయుడు గారు 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు, పెరిగింది విశాఖపట్నంలో. చిన్నప్పటినుంచీ చూపు సరిగా ఆనేది కాదు. ఫిడేలు మొదటి పాఠాలు అన్నగారు వెంకటకృష్ణయ్య దగ్గర. 1919లో విజయనగరం మహారాజు సంగీత కళాశాల పెట్టారు. దివాణంలో పనిచేసే ఒక ఉద్యోగి కొడుకు అంధుడు, ఆ పిల్లవాడికి సంగీతం చెప్పించాలన్న ఆలోచనే కళాశాలకి మూలమని చెబుతారు. మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. అక్కడ చదువుకుందామని వెళ్ళిన ఇరవయ్యారేళ్ళ నాయుడు గారి వాద్యం విని, నారాయణదాసు గారు విద్యార్థిగా కాకుండా ఏకంగా ఆచార్యుడిగానే తీసుకున్నారన్నది విజయనగరంలో తరతరాలుగా చెప్పుకునే కథ. 1936లో నాయుడు గారే ప్రిన్సిపాలు అయ్యారు. ఆయన ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లో ఆ కళాశాలలో చదువుకున్నవారిలో గాయని పి. సుశీల గారు ఒకరు.

అప్పట్లో ఫిడేలుకి ఒక పెద్ద బాధ ఉండేది. మైకులు లేవు. వెనక బెంచీలవాళ్ళకి గాయకుడి గొంతు వినబడేది గానీ ఫిడేలు అందేది కాదు. మైసూరు చౌడయ్య గారు దీనికి ఒక ఉపాయం పన్నారు. తీగల సంఖ్య పెంచి ఏడు తీగల ఫిడేలు తయారు చేయించుకున్నారు. గట్టిగా మోగింది, పెద్ద పేరూ తెచ్చింది. నాయుడు గారు నాలుగు తీగలతోనే ఉన్నారు. ఆయన దృష్టి అంతా కమాను మీద పెట్టారు. కమాను నిండుగా లాగితే, తీగమీద ఒత్తిడి సమంగా పడితే, నాదం దానంతటదే లావెక్కుతుంది. ఐరోపా విద్వాంసుల కమాను పట్టుని ఆయన శ్రద్ధగా గమనించారు. వాళ్ళ దగ్గర పట్టు తీసుకున్నారు, పాట మనదే ఉంచుకున్నారు. ఆయన పాత రికార్డులు దొరికితే ఒకసారి వినండి. కమాను దిశ మారేచోట అతుకు తెలియదు. గాయకుడు ఊపిరి తీసుకున్నట్టుగా ఒక చిన్న విరామం, మళ్ళీ నాదం. కీర్తన తెలిసినవాళ్ళకి మాటలు వినిపిస్తున్నట్టే ఉంటుంది. తెలియనివాళ్ళకి మాటలు అవసరం లేదనిపిస్తుంది. సాహిత్యం కావాలని పట్టుబట్టే మన శ్రోతని ఆయన ఆ దారిన గెలుచుకున్నారు.

1938లో వేలూరులో ఆయన మొదటి సోలో కచేరీ జరిగింది. అప్పటికి ఆయనకి నలభై నాలుగేళ్ళు. లిస్ట్ వేదిక దిగిపోయిన వయసు దాటి దాదాపు పదేళ్ళకి ఈయన వేదిక మధ్యకి వచ్చారన్నమాట. అదే ఏడాది జూన్‌లో మద్రాసు ఆకాశవాణి కేంద్రం మొదలైంది. ఈ రెండూ ఒకే ఏట రావడం కాకతాళీయమే, కానీ ఫిడేలుకి మైకు చేసిన మేలు మాత్రం కాకతాళీయం కాదు. స్టూడియోలో వెనక బెంచీ ఉండదు. ఇంట్లో రేడియో పెట్టుకున్న ప్రతివాడూ మొదటి వరసలో ఉన్నట్టే. సన్నటి నాదం ఉన్న వాద్యానికి అంతకంటే ఏం కావాలి?

ఆకాశవాణి అన్ని వాద్యాలకీ ఇంత దయ చూపలేదు, ఈ మాటా చెప్పుకోవాలి. 1940లో హార్మోనియంని రేడియోనుంచి వెళ్ళగొట్టారు. అది కూడా పియానో జాతిదే, మెట్ల వాద్యం, గమకం పలకదు. అదే దాని నేరం. రవీంద్రనాథ ఠాగూర్ కూడా హార్మోనియం వద్దన్నవారే. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. ఆ మధ్యకాలంలో మన నాటకాల్లో హార్మోనియం ఏలింది, పద్యానికి అదే ప్రాణం. రేడియోకి మాత్రం అంటరానిదైంది. నాకు ఇందులో ఆకాశవాణి పక్షాన మాట్లాడాలని లేదు. హార్మోనియం మీద గమకం పలికించలేకపోవడం ఒక లోపమే. దానికి ముప్ఫై ఏళ్ళ శిక్ష ఎక్కువ.

నాయుడు గారికి 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. చౌడయ్య గారికి అదే గౌరవం 1957లో వచ్చింది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ నాయుడు గారిని వెతుక్కుంటూ వచ్చాయి. వీటన్నిటికంటే 1952లో జరిగిన ఒక చిన్న సంగతి నాకు ముఖ్యం. ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ ఆ ఏడు భారతదేశం వచ్చాడు. మద్రాసులో జస్టిస్ పి. వి. రాజమన్నార్ గారి ఇంట్లో నాయుడు గారి ఫిడేలు విన్నాడు. రాజమన్నార్ గారు మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, తెలుగు నాటక రచయిత కూడా. ఒక ఇంటి గదిలో ఇద్దరు ఫిడేలు విద్వాంసులు. ఒకరిది నిలబడి వాయించే సంప్రదాయం, ఒకరిది నేలమీద కూర్చుని వాయించే సంప్రదాయం. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే రకం వాద్యం.

మెనుహిన్ పేరు వచ్చింది కనుక ఆయన చెల్లెలి మాట చెప్పకుండా పోలేను. హెఫ్జిబా మెనుహిన్ పియానో విద్వాంసురాలు, ఎనిమిదో ఏట సాన్‌ఫ్రాన్సిస్కోలో తొలి కచేరీ చేసిన పిల్ల. అన్నయ్యతో కలిసి ఆమె వాయించిన కచేరీలని లోకం మెచ్చింది. అయితే పోస్టరులో పెద్ద అక్షరాలు అన్నయ్యవి. అక్కడ పియానోయే పక్కవాద్యం. చూశారా, ఏ వాద్యానికీ మధ్య స్థానం జన్మహక్కు కాదు. ఆమె 1938లో, అంటే మన నాయుడు గారు వేలూరులో ఒంటరిగా కూర్చున్న ఏడే, పెళ్ళి చేసుకుని ఆస్ట్రేలియాలో ఒక గొర్రెల పెంపకం క్షేత్రానికి కాపురం వెళ్ళింది. అక్కడా పియానో వదల్లేదు.

నాయుడు గారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. శతజయంతి సంవత్సరం 1993లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఆయన కుమార్తె ద్వారం మంగతాయారు గారు ఆ బాణీని కొనసాగించారు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మరో పాశ్చాత్య వాద్యం, మాండొలిన్‌తో, చిన్నపిల్లాడిగానే వేదిక మధ్యలో కూర్చున్నప్పుడు అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆ దారి అప్పటికే ఒకరు నడిచి ఉంచిన దారి.

మరి పియానో? చెన్నైలో అనిల్ శ్రీనివాసన్ పియానోనీ సిక్కిల్ గురుచరణ్ గాత్రాన్నీ కలిపి కచేరీలు చేశారు. గమకం గాత్రానికి వదిలేసి, దాని చుట్టూ నాదాన్ని పరచడం ఆ పద్ధతి. తెలివైన ఒప్పందం అది. ఇక పూర్తిగా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమే వృత్తిగా చేసుకున్నవారిలో పల్లవి మహీధర పేరు వినగానే తెలుగువాళ్ళ చెవులు నిక్కబొడుచుకుంటాయి. కొల్లాయిగట్టితేనేమి నవల రాసిన రామమోహనరావు గారి ఇంటిపేరు కదా అది. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంస్థలో చదువుకున్న పియానిస్టు ఈమె. 2014లో జెనీవా అంతర్జాతీయ సంగీత పోటీలో రెండో బహుమతి, దాంతోపాటు ప్రేక్షకుల బహుమతి గెలుచుకుంది. జెనీవా పోటీ 1939లో మొదలైంది. మొదటి ఏడు గెలిచినవాడు ఇటలీ పియానిస్టు మికెలాంజెలి. 1957లో గెలిచింది పదహారేళ్ళ మార్తా అర్గెరిచ్. ఆ వరసలో మహీధర అన్న పేరు చూడటం నాకు భలే సరదాగా ఉంటుంది.

పియానిస్టు బతుకులో మనం ఊహించని ఒక ఇబ్బంది ఉంది. ఫిడేలు వాయించేవాడు తన వాద్యాన్ని పెట్టెలో పెట్టుకుని రైలెక్కుతాడు. ఇరవై ఏళ్ళుగా చేతికి అలవాటైన ఫిడేలు అది, ఏ తీగ ఎక్కడ మొరాయిస్తుందో తెలుసు. పియానిస్టు ఉత్త చేతులతో వెళ్ళాలి. ఏ ఊళ్ళో ఏ పియానో ఉంటే దాని ముందే కూర్చోవాలి. ఒకదాని మెట్లు బరువుగా, ఒకదానివి తేలిగ్గా ఉంటాయి. కచేరీకి ముందు దొరికే గంటా రెండు గంటల్లో ఆ కొత్త పియానోతో పరిచయం చేసుకోవాలి. హొరోవిట్జ్ లాంటి మహానుభావులు తమ పియానోని తమతో మోయించుకుని తిరిగారు గానీ, అది అందరికీ సాగేది కాదు.

మన పేటల్లో కూడా ఇప్పుడు పియానో నేర్చుకునే పిల్లలు బాగానే ఉన్నారు. లండన్ ట్రినిటీ వాళ్ళ పరీక్షలకి కూర్చుంటారు. ఎనిమిది గ్రేడులు. నాలుగో గ్రేడు, అయిదో గ్రేడు దాకా వచ్చేసరికి పదో తరగతి వస్తుంది, ఇంటర్ వస్తుంది. నారాయణగూడలో జూనియర్ కాలేజీలూ, అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లూ ఎన్నున్నాయో నేను చెప్పక్కర్లేదు. పియానో మూత పడుతుంది. తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. ఎనిమిదో గ్రేడు ప్యాసయిన కుర్రాడు ఈ ఊళ్ళో ఏడాదికి ఎన్ని సోలో కచేరీలు చెయ్యగలడు, ఎవరు పిలుస్తారు, ఎంత ఇస్తారు అని వాళ్ళడిగితే నా దగ్గరా జవాబు లేదు. విజయనగరంలో నాయుడు గారికి నెల జీతం ఇచ్చే కళాశాల ఒకటుంది కాబట్టి ఆయన నలభై నాలుగేళ్ళ దాకా నిబ్బరంగా సాధన చేసుకోగలిగారు. క్లారా షూమన్‌కి అలాంటి ఆసరా చివరి దశలోగానీ దొరకలేదు.

మెట్ల వాద్యం మీద గమకానికి ఇంకో తోవ కూడా తెరుచుకుంది. ఎలక్ట్రానిక్ కీబోర్డుకి ఎడమపక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది. కుడిచేత్తో మెట్టు నొక్కి ఉంచి ఎడమచేత్తో ఆ చక్రాన్ని కదిలిస్తే స్వరం పైకీ కిందికీ ఊగుతుంది. చెన్నైలో కీబోర్డు సత్యనారాయణన్ దాంతోనే కర్ణాటక కచేరీలు చేస్తున్నారు. పియానోలో రెండు చేతులూ మెట్లకి కట్టుబడి ఉంటాయి. ఇక్కడ ఎడమచెయ్యి మెట్లు వదిలి చక్రం పట్టుకుంది. రెండు వందల ఏళ్ళ కిందట నేలమీద కూర్చున్న ఫిడేలు విద్వాంసుడి ఎడమచేతికి దొరికిన స్వేచ్ఛ లాంటిదే ఇది. సంప్రదాయవాదులు ముఖం చిట్లిస్తారు. ఫిడేలుని చూసి అప్పట్లో చిట్లించినవాళ్ళూ ఉండే ఉంటారు. తోడి గాంధారం ఆ చక్రం మీద సరిగ్గా పలుకుతోందా లేదా అన్నదొక్కటే నాకు ముఖ్యం. సాధన ఉన్నవాడి చేతిలో పలుకుతోంది. మన గానసభలో ఎవరైనా అలాంటి కుర్రాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, పక్కన ఫిడేలు పెట్టి, రెండు గంటల కచేరీ ఇప్పిస్తే నేను టికెట్టు కొనుక్కుని వస్తాను, తనికి కూడా లేవను.